నీళ్లు పోసే ముందు మట్టిని అడగండి

ఇళ్లలో పెంచే మొక్కల్లో దాహంతో ఎండిపోయేవి తక్కువ. నీళ్లెక్కువై, వేళ్లు కుళ్లి పోయేవే ఎక్కువ. ఏ నర్సరీకి వెళ్లి అడిగినా ఇదే చెబుతారు. పొద్దున్నే మగ్గు పట్టుకుని బాల్కనీలోకి వెళ్తాం. అక్కణ్నుంచి హాల్లోకి వస్తాం. ఉన్న కుండీలన్నిటికీ తలా ఒక గ్లాసు పోసేసి, బాధ్యత తీరిందని ఆఫీసుకు బయల్దేరతాం. ఆ పూట ఆ మొక్కకు నీళ్లు కావాలో వద్దో చూడటానికి మాత్రం ఆ హడావిడిలో చోటుండదు.

శ్రద్ధగా ఉండటమంటే ఏదో ఒకటి చేస్తూనే ఉండటమని మనలో చాలామంది నమ్మకం. మొక్క దగ్గరైనా, పిల్లల దగ్గరైనా, ఆఫీసులో మన కింద పనిచేసేవాళ్ల దగ్గరైనా శ్రద్ధలో పెద్ద భాగం చూడటమే. కన్ను ముందు, చెయ్యి తర్వాత. ఈ వరస అలవాటు కావడానికి ఖరీదైన శిక్షణ తరగతులు అక్కర్లేదు. హాల్లో కిటికీ పక్కన ఒక్క కుండీ పెట్టుకుని, ఆరు నెలలు దాన్ని జాగ్రత్తగా గమనించండి.

ముందు నీళ్ల సంగతి పూర్తిగా తెలుసుకుందాం. వేళ్లు కూడా ఊపిరి తీసుకుంటాయి. మట్టి రేణువుల మధ్య సందుల్లో ఉండే గాలే వాటికి ఆధారం. మట్టి ఎప్పుడూ తడిసి ముద్దగా ఉంటే ఆ సందులన్నీ నీటితో నిండిపోతాయి. గాలిలో కంటే నీటిలో ఆక్సిజన్ దాదాపు 10,000 రెట్లు నెమ్మదిగా కదులుతుంది. వేళ్లకు ఊపిరాడదు. నీరసించిన ఆ వేళ్ల మీద కుళ్లు తెగులు చేరుతుంది. ఇక అసలు ప్రమాదం ఇక్కడ మొదలవుతుంది: వేళ్లు పోయిన మొక్క చుట్టూ ఎన్ని నీళ్లున్నా పీల్చుకోలేదు, కాబట్టి ఆకులు వాడి వేలాడతాయి. చూసేవాళ్లకు అది దాహంలాగే కనిపిస్తుంది. అయ్యో అని ఇంకో గ్లాసు పోస్తారు. ఆకులు ఇంకా వాడతాయి. ఇంకో గ్లాసు.

ఈ తప్పును ఆపడానికి ఒక్క వేలు చాలు. చూపుడు వేలు రెండు గణుపుల లోతు దాకా మట్టిలోకి దించండి. తడి తగిలితే మగ్గు పక్కన పెట్టి మీ పని చూసుకోండి. పొడిగా ఉంటే పిసినారితనం చూపకుండా, అడుగున చిల్లులోంచి నీళ్లు బయటికి వచ్చేదాకా పోయండి. అరగంట తర్వాత పళ్లెంలో నిలిచిన నీళ్లు పారబోయండి. రోజూ కాసిని చిలకరించడం వల్ల పైమట్టి తడిసి అడుగువేళ్లు ఎండుతాయి, కాబట్టి పోసినప్పుడు నిండా పోయాలి, పోయనప్పుడు పూర్తిగా ఆగాలి.

ఏ మొక్కకు ఎంత అన్నది మళ్లీ చూసే తెలుసుకోవాలి. జెడ్‌జెడ్ మొక్క తూర్పు ఆఫ్రికాది. నెలల తరబడి వాన పడని చోట్ల బతకడానికి మట్టిలో దుంపలు పెంచుకుని నీటిని దాచుకుంటుంది. స్నేక్ ప్లాంట్ పశ్చిమ ఆఫ్రికాది, దాని మందపాటి ఆకులే నీటి నిల్వలు. ఈ రెండింటికీ మట్టి అడుగుదాకా ఆరిన తర్వాతే నీళ్లు. పీస్ లిల్లీ దీనికి పూర్తిగా వేరు. దాహమేస్తే ఆకులన్నీ ఒక్కసారిగా వాల్చేస్తుంది, నీళ్లు పోస్తే కొన్ని గంటల్లో లేచి నిలబడుతుంది. కొత్తగా మొక్కలు పెంచేవాళ్లకు ఇంతకంటే మంచి గురువు లేదు. మట్టికుండీ గోడల్లోంచి తడి ఆరిపోతుంది, ప్లాస్టిక్ కుండీలో నిలిచిపోతుంది. మే నెల విజయవాడలో రెండు రోజుల్లో ఆరిన కుండీ జులై ముసురులో పది రోజులైనా ఆరకపోవచ్చు. వారానికి ఇన్నిసార్లు అని గోడ మీద రాసుకున్న లెక్క ఏడాది పొడుగునా పనికొచ్చే అవకాశమే లేదు.

ఇప్పుడు ఇంటర్ చదివే పిల్లలున్న ఇంట్లోకి వెళ్లండి. గంటకోసారి గది తలుపు తెరుచుకుంటుంది. ఎంతవరకు వచ్చింది, పాలు తాగావా, నిన్నటి టెస్టులో ఎన్ని వచ్చాయి, పక్కింటి పాప ఏ కాలేజీ అనుకుంటోంది. పిల్లాడి మొహం వాడిపోతుంది. తల్లిదండ్రులకు అది చదువు చాలకపోవడంలా కనిపిస్తుంది. ఇంకో ట్యూషన్ పెడతారు. వాడికి కావలసింది సాయంత్రం గంటసేపు ఎవరూ పలకరించని ఖాళీ అని ఎవరికీ తట్టదు, ఎందుకంటే ఎవరూ ఆగి చూడలేదు. కొత్తగా టీమ్ లీడర్ అయినవాళ్లదీ ఇదే తీరు. రోజుకు నాలుగు మీటింగులు పెట్టి, పని ఎందుకు సాగడం లేదని ఐదోది పెడతారు.

సాయం చేయాలని చెయ్యి ముందుకొచ్చిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆగి, అవతలివాళ్లను నేరుగా అడగండి: “ఇప్పుడు నీకేం కావాలి?” ఏమీ వద్దంటే నమ్మండి. వారం రోజులు ఇంట్లో ఇది పాటించి చూడండి. మొదట్లో ఏమీ చేయనట్టే అనిపించి చేతులు ఊరుకోవు. ఆ అసౌకర్యాన్ని ఓర్చుకోవడమే ఇందులో నేర్చుకోవలసిన విద్య.

రెండో సంగతి వెలుతురు. మన కళ్లు ఈ విషయంలో మనల్ని మోసం చేస్తాయి. మధ్యాహ్నపు ఎండలో వెలుతురు దాదాపు లక్ష లక్స్ ఉంటుంది. గదిలోకి వచ్చి కిటికీకి దూరంగా కూర్చుంటే కొన్ని వందలకు పడిపోతుంది, మూలల్లో అంతకంటే తక్కువ. కంటిపాప పెద్దదై సర్దుకుంటుంది కాబట్టి గది మనకు బాగానే వెలుగుతున్నట్టు ఉంటుంది. ఆకుకు ఆ సదుపాయం లేదు. సోఫా పక్కన అందంగా ఉందని పెట్టిన మొక్క నెలల తరబడి అర్ధాకలితో ఉంటుంది. మధ్యాహ్నం ఆ చోట తెల్లకాగితం ఒకటి పరిచి, అడుగు ఎత్తులో చెయ్యి చాపి చూడండి. నీడ అంచులు స్పష్టంగా ఉంటే వెలుతురు బాగుంది. అంచులు మసకబారితే మధ్యస్థం, చాలా ఇంటిమొక్కలకు సరిపోతుంది. నీడే సరిగా పడకపోతే మొక్కను కిటికీ దగ్గరికి జరపాల్సిందే. ఆకుల మీద తెలుపు, పసుపు మచ్చలున్న రకాలకు ఇంకాస్త ఎక్కువ వెలుతురు కావాలి, ఎందుకంటే తెల్లటి భాగంలో పత్రహరితం ఉండదు, ఆకు సగమే వంట చేసుకుంటుంది. అలాగని పడమటి కిటికీలోంచి వచ్చే తిన్నని ఎండలో పెడితే ఆకులు మాడతాయి. వీటిలో చాలావాటి సొంత ఇల్లు పెద్ద చెట్ల నీడ.

మనీప్లాంట్‌నే చూడండి. దీని పుట్టిల్లు తహితి పక్కనున్న మోరియా అనే చిన్న దీవి. అక్కణ్నుంచి ప్రపంచమంతా పాకింది. సీసాలో పెట్టిన తీగకు అరచేతి కంటే చిన్న ఆకులే వస్తాయి. అదే తీగ కొబ్బరిచెట్టుకో మామిడిచెట్టుకో పాకితే ఒక్కో ఆకు రెండు మూడు అడుగులు పెరిగి, అంచులు చీలి, వేరే మొక్కేమో అనిపిస్తుంది. పైకి ఎక్కేకొద్దీ ఆకు పెద్దదవుతుంది, కిందికి వేలాడేకొద్దీ చిన్నదవుతుంది. తీగ ఒకటే, జాతి ఒకటే. మారింది చోటు, ఆసరా. మీ కుండీలో కొబ్బరి పీచు చుట్టిన ఊతకర్ర ఒకటి గుచ్చి తీగను దానికి కట్టి చూడండి, కొన్ని నెలల్లో తేడా మీకే తెలుస్తుంది.

ఈ ఒక్క విషయాన్ని ప్రతి ఇంట్లో, ప్రతి ఆఫీసులో చెప్పాలని నా కోరిక. ఫలానావాడు పనికిరాడు అనే ముందు వాడు కూర్చున్న చోట వెలుతురు పడుతోందో లేదో చూడండి. లెక్కలు రాని పిల్లాడు నిజంగా లెక్కలు రానివాడేనా, చివరి బెంచీ నుంచి బోర్డు కనిపించనివాడా? మాట్లాడని ఉద్యోగి తెలివిలేనివాడా, మాట్లాడిన ప్రతిసారీ ఎవరో ఒకరు అడ్డు తగిలినవాడా? మీ విషయంలోనూ ఇంతే. నేను ఎదగడం లేదని కుంగిపోయే ముందు, పట్టుకుని ఎక్కడానికి ఒక ఆసరా వెతుక్కున్నానా అని ప్రశ్నించుకోండి. మాన్‌స్టెరా జాతిలో ఒక అడవితీగ ఉంది. దాని మొలక వెలుతురువైపు వెళ్లదు, చీకటివైపు పాకుతుంది. డొనాల్డ్ స్ట్రాంగ్, థామస్ రే అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1975లో దీన్ని గమనించి ప్రకటించారు. అడవి నేల మీద అన్నిటికంటే చీకటిగా కనిపించేది పెద్ద చెట్టు మొదలు. మొలక ముందు ఆ మొదలును చేరి, దాన్ని పట్టుకున్న తర్వాత వెలుతురుకోసం పైకి ఎక్కుతుంది. మంచి గురువు దగ్గర, పేరు రాని పనుల్లో రెండేళ్లు గడుపుతున్న యువతీయువకులెవరైనా ఇది చదువుతుంటే, మీరు వెళ్తున్న దారి తప్పు కాదు.

చోటు మార్చినా మారనివి కొన్ని ఉంటాయి, వాటినీ గుర్తించాలి. మనీప్లాంట్ ఎంత బాగా పెంచినా పూయదు. పూతకు అవసరమైన జిబ్బరెలిన్ అనే హార్మోను దానిలో సరిగా తయారుకాదని 2016లో వచ్చిన పరిశోధన తేల్చింది. పక్కింటి ఆంథూరియం ఎర్రగా పూసిందని మీ మనీప్లాంట్‌కు ఎరువు దట్టించి లాభం లేదు. ఏడాదంతా పచ్చగా ఉండటమే దాని గొప్ప.

మూడో సంగతి కొత్త చోట కుదురుకోవడం. మన దగ్గర దొరికే మొక్కల్లో చాలా వరకు తూర్పు గోదావరి జిల్లా కడియం ప్రాంతం నుంచి వస్తాయి. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక వైపు వెళ్తే రోడ్డుకు రెండు పక్కలా నర్సరీలే. గోదావరి కాలువల తేమ, షేడ్ నెట్ కింద వడకట్టిన వెలుతురు, మొక్కల పని చేతికి బాగా తెలిసిన పనివాళ్లు. అక్కడ పెరిగిన మొక్క లారీ ఎక్కి హైదరాబాద్‌లో ఆరో అంతస్తు ఫ్లాట్‌కు చేరుతుంది. వెలుతురు పదో వంతుకు పడిపోతుంది, ఏసీ గాలి ఆకుల తడి పీలుస్తుంది. రెండు వారాల్లో నాలుగాకులు పసుపురంగుకు తిరుగుతాయి. వీపింగ్ ఫిగ్ లాంటివైతే చోటు మారిన కోపానికా అన్నట్టు ఆకులన్నీ రాల్చేస్తాయి. ఇంట్లోవాళ్లకు కంగారు. కుండీ మారుస్తారు, ఎరువేస్తారు, బాల్కనీలో పెడతారు, మళ్లీ లోపలికి తెస్తారు. ఒక దెబ్బ నుంచి కోలుకోకముందే నాలుగు దెబ్బలు.

కొత్త మొక్కను తెచ్చిన మొదటి నెల ఏమీ చేయకండి. కుండీ మార్చొద్దు, ఎరువు వద్దు. పురుగు ఉందేమో చూసి, మిగతా కుండీలకు కాస్త దూరంగా, వెలుతురున్న చోట పెట్టి వదిలేయండి. ఎక్కువ వెలుతురు కోసం తయారైన పాత ఆకులు కొన్ని రాలతాయి. కొత్త వెలుతురుకు తగిన కొత్త ఆకులు వస్తాయి. రాలిన ఆకుల్ని లెక్కపెట్టొద్దు, వస్తున్న ఆకును చూడండి. మొదటి కొత్త ఆకు పూర్తిగా విచ్చుకున్న రోజున మొక్క ఇల్లు మారడం పూర్తయినట్టు. రాజమండ్రి నుంచి గచ్చిబౌలిలో ఉద్యోగానికి వచ్చిన కుర్రాడికీ, పెళ్లై అత్తవారింట్లో అడుగుపెట్టిన అమ్మాయికీ, హాస్టల్లో చేరిన పిల్లకూ ఈ నెల గడువు మనం ఎందుకివ్వం? చేరిన వారానికే “ఎలా ఉంది, అంతా అలవాటైందా?” అని రోజూ ఫోన్ చేసి అడిగితే, ఏడవాలనుకున్నవాళ్లు కూడా బాగుందనే చెబుతారు.

న్యూజెర్సీలో, షికాగోలో ఉన్న మనవాళ్లకు ఇంకో మాట. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ పగలు చిన్నది, హీటర్ వల్ల గది గాలి పొడి. ఉష్ణమండల మొక్కలు ఆ నెలల్లో దాదాపు పెరగవు. అప్పుడు నీళ్లు బాగా తగ్గించాలి, ఎరువు పూర్తిగా ఆపాలి, రాత్రిళ్లు చల్లటి కిటికీ అద్దానికి ఆకులు ఆనకుండా జరపాలి. చదువుకోవడానికి వెళ్లిన మొదటి చలికాలంలో మనసు కూడా మందగిస్తే ఊరికే నిందించుకోకండి. పగటి వెలుతురులో అరగంట నడవండి, ఇంటికి ఫోన్ చేయండి, అయినా బరువు దిగకపోతే డాక్టరుకు చెప్పండి.

మొక్కల వల్ల గదిలో గాలి శుభ్రమవుతుందన్న మాట అందరూ చెబుతారు. దీనికి మూలం 1989లో నాసా కోసం వోల్వర్టన్ చేసిన ప్రయోగాలు. అవి గాలి చొరని మూసిన పెట్టెల్లో చేసినవి. కిటికీలు, తలుపులు ఉన్న ఇంటికి ఆ లెక్క వర్తించదు. మామూలుగా గాలి మారడం వల్ల కలిగే మేలుకు సమానం కావాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలని 2019లో వచ్చిన సమీక్ష లెక్కగట్టింది. గాలి కోసమైతే కిటికీ తెరవండి. చేయని వాగ్దానం మీద కొన్న మొక్కను, ఆ ఫలితం కనిపించకపోతే మూలకు తోసేస్తాం. అలవాట్ల విషయంలోనూ ఇదే జరుగుతుంది.

మొక్క నిజంగా ఇచ్చేదేమిటో చెప్పే పరిశోధన వేరే ఉంది. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని ఆర్డెన్ హౌస్ అనే వృద్ధుల నర్సింగ్ హోమ్‌లో ఎలెన్ లాంగర్, జుడిత్ రోడిన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు దాన్ని చేసి, 1976లో ప్రచురించారు. ఒక అంతస్తులోని పెద్దవాళ్లకు తలా ఒక మొక్కను ఎంచుకోమని చెప్పి, దాని బాధ్యత మీదేనన్నారు. సినిమా ఏ రోజు చూడాలో కూడా వాళ్లనే నిర్ణయించుకోమన్నారు. ఇంకో అంతస్తులోవాళ్లకూ మొక్కలిచ్చారు, కానీ నీళ్లు నర్సులు పోస్తారని చెప్పారు. మూడు వారాలకు మొదటి అంతస్తువాళ్లు మరింత చురుగ్గా, ఉల్లాసంగా కనిపించారు. ఏడాదిన్నర తర్వాత చూస్తే ఆ బృందంలో చనిపోయినవాళ్లు 15 శాతం, రెండో బృందంలో 30 శాతం. మొత్తం తొంభై మంది చిల్లరతో చేసిన చిన్న పరిశోధన కాబట్టి మరణాల లెక్క మీద పెద్ద తీర్మానాలు చేయకూడదు. కానీ రెండు అంతస్తుల్లోనూ మొక్కలున్నాయన్న సంగతి మర్చిపోకండి. తేడా వచ్చింది బాధ్యత, నిర్ణయం ఎవరివన్న దగ్గర.

మన ఇళ్లలో పెద్దవాళ్లను బాగా చూసుకోవడమంటే వాళ్ల చేత ఏ పనీ చేయించకపోవడం అనుకుంటాం. మీ అమ్మమ్మకో తాతయ్యకో ఒక కుండీ ఇవ్వండి. “ఇది నీదే అమ్మమ్మా, ఎక్కడ పెట్టాలో ఎప్పుడు నీళ్లు పోయాలో నీ ఇష్టం” అనండి. తర్వాత కష్టమైన భాగం: ఆమె రెండు రోజులు మర్చిపోయినా మీరు చాటుగా నీళ్లు పోయకండి. ఎనిమిదేళ్ల పిల్లాడికి ఇచ్చినా అంతే. ఎండిపోతే ఎండిపోనివ్వండి. వాడే చూసి, వాడే కంగారుపడి, వాడే మగ్గు తేవాలి. మరీ చిన్నపిల్లలు, పిల్లులు, కుక్కలు ఉన్న ఇంట్లో మాత్రం మనీప్లాంట్, డిఫెన్‌బాకియా, మాన్‌స్టెరాలను అందని ఎత్తులో పెట్టండి. వాటి ఆకుల్లో ఉండే కాల్షియం ఆక్సలేట్ సూదులు నోటిని వాచేలా చేస్తాయి.

ఆదివారం ఒక పావుగంట కేటాయించుకోండి. తడిగుడ్డతో ఆకుల్ని పైనా కిందా తుడవండి. దుమ్ము పోవడంతోపాటు, తుడుస్తున్నంతసేపూ మీరు మొక్కను చూస్తారు, అదే పెద్ద లాభం. ఆకు అడుగున, తొడిమ మొదట్లో తెల్లటి దూదిపింజలా ఉంటే పిండినల్లి. ఆకుల మధ్య సన్నటి సాలెగూడు, పైన పొడి రాలినట్టు చుక్కలుంటే ఎర్రనల్లి, పొడిగాలిలో ఎక్కువ. మొదటి వారంలోనే చూస్తే దూదితో తుడిచి, లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట చల్లితే చాలావరకు పోతుంది. నెల తర్వాత చూస్తే మొక్కను బయట పారేయడం తప్ప దారి ఉండకపోవచ్చు. ఇంట్లో మాటలు తగ్గిపోవడం, అప్పు పెరగడం, మోకాలి నొప్పి కూడా మొదటి వారంలో ఇంతే చిన్నగా ఉంటాయి.

స్పైడర్ ప్లాంట్, డ్రసీనా ఆకుల కొసలు గోధుమరంగుకు మారి ఎండుతుంటే మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు నీళ్లను అనుమానించండి. ఈ జాతులకు ఫ్లోరైడ్, ఉప్పు పడవు. నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువన్న సంగతి అందరికీ తెలిసిందే. వాననీళ్లు పట్టిపెట్టుకోండి, ఏసీ నుంచి కారే నీళ్లు కూడా పనికొస్తాయి. ఆర్‌ఓ యంత్రం వదిలేసే వృథా నీళ్లలో లవణాలన్నీ పోగై ఉంటాయి కాబట్టి వాటిని మాత్రం ఈ కుండీల్లో పోయొద్దు.

ఇంత చేసినా కొన్ని మొక్కలు పోతాయి. పోయిన మొక్కను చెత్తబుట్టలో వేసే ముందు కుండీ బోర్లించి వేళ్లు చూడండి. నల్లగా, మెత్తగా, ముట్టుకుంటే ఊడి వస్తూ వాసన వేస్తుంటే నీళ్లెక్కువయ్యాయి. పెళుసుగా పుల్లల్లా విరుగుతుంటే నీళ్లు చాలలేదు. వేళ్లు తెల్లగా గట్టిగా ఉండీ మొక్క నీరసించిందంటే అది ఇంకా బతికే ఉంది, వెలుతురు చాలలేదు, కిటికీకి జరపండి. కుళ్లిన మొక్కలో కూడా తీగ కొస పచ్చగా ఉంటే, ఒక కణుపు కింద కోసి నీళ్ల సీసాలో పెట్టండి. వేరు కణుపు దగ్గరే పుడుతుంది, ఒట్టి ఆకు తొడిమ పెడితే కొత్త తీగ రాదు. వేళ్లు రెండంగుళాలు సాగాక పాత మట్టి వాడకుండా, ఎర్రమట్టి, కొబ్బరి పొట్టు, వర్మీ కంపోస్టు సమానంగా కలిపి, అడుగున చిల్లున్న చిన్న కుండీలోనే నాటండి. పెద్ద కుండీలో వేళ్లు అందుకోలేని మట్టి రోజుల తరబడి తడిగానే ఉండిపోతుంది.